ఎనిమిది గంటల క్లాసు

స్టాఫ్ రూమ్, రెండో అంతస్తు
జూన్ 20

మరదలికి,

ఫోనులో రెండు ముక్కలు పంపితే సరిపోయేదానికి ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. కళ్ల డాక్టరు నిన్న గట్టిగా చెప్పింది. క్లాసు అయ్యాక నేను తెర మొహం చూస్తే ఆవిడ నా మొహం చూడదట. అందుకని ఇక నుంచి కాగితమే. నువ్వూ కాగితం మీదే రాయి. నీ దస్తూరీ ఎలాగూ అచ్చు వేసినట్టుంటుంది.

మా రెండో సంవత్సరం గణాంక శాస్త్రం క్లాసు ఈ ఏడాది ఆన్‌లైన్‌కి మారింది. మూడు ఊళ్ల కాలేజీల పిల్లల్ని కలిపి రెండు వందల పన్నెండు మందిని నాకు అంటగట్టారు. ఇరవై తొమ్మిదేళ్లు పాఠం చెప్పినదాన్ని. బోర్డు వైపు తిరిగి ఉండి కూడా వెనక బెంచీలో ఎవడు కునుకు తీస్తున్నాడో చెప్పగలను. ఇప్పుడు ఎదురుగా అన్నీ నల్ల గడులు, గడికో పేరు. జోకు వేస్తాను, చప్పుడుండదు. మైకులు మూసి ఉన్నాయి కదా, నవ్వే ఉంటారని నాకు నేనే చెప్పుకుని, ఆ నవ్వు అయ్యేదాకా ఓ క్షణం ఆగి మళ్లీ మొదలుపెడతాను.

పిల్లలు వింటున్నారో లేదో కనిపెట్టడానికి ఓ యంత్రాంగం పెట్టారు. క్లాసులో మూడుసార్లు తెర మీద పచ్చ బటన్ వచ్చి "ఉన్నారా?" అని అడుగుతుంది. అర నిమిషంలో నొక్కితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దీని పేరు శ్రద్ధ శాతం. టర్ము చివరికి అది అరవై దాటకపోతే వచ్చే ఏడాది ఎవరో రికార్డు చేసిన పాఠాలు కొని పెడతామనీ, నన్ను అడ్మిషన్ల కౌంటరులో కూర్చోబెడతామనీ ప్రిన్సిపాల్ చల్లగా చెప్పాడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ ఫారాల మీద ముద్రలు కొడుతూ గడపలేను.

మన పిచ్చుక కూడా ఈ క్లాసులోనే పడింది. మేనత్తనని అలుసు తీసుకుంటే ఊరుకోను. దాన్ని లేపి ఎనిమిదింటికి కూర్చోబెట్టే పూచీ తల్లిగా నీది.

వదిన

~

వంటింటి బల్ల
జూన్ 28

వదినగారికి నమస్కారం.

కళ్లకి రోజుకి నాలుగుసార్లు చల్లటి నీళ్లు కొట్టుకోండి. ఎప్పుడెప్పుడు కొట్టుకున్నారో ఓ కాగితం మీద గీతలు పెట్టుకుంటే మర్చిపోరు.

క్లాసు సంగతి బెంగపడకండి. వై-ఫై పెట్టె మా వంటింటి గోడకి ఉంది, పడకగదిలోకి వెళ్తే సిగ్నలు సగమే వస్తోంది. అందుకని ల్యాప్‌టాప్‌కి వంటింటి బల్ల మీదే చోటిచ్చాను. ఏడూ యాభై ఎనిమిదికల్లా తెరిచి ఉంటుంది. ఆ గంటసేపూ మిక్సీ వేయను, గిన్నెలు తోమను. కూరగాయలు తరగడం ఒక్కటే పెట్టుకున్నాను, దానికి చప్పుడు తక్కువ కాబట్టి. మీ తమ్ముడు తొమ్మిది లోపల వంటింట్లోకి వస్తే గుమ్మం దగ్గరే చెయ్యి అడ్డం పెడుతున్నాను.

"కాఫీ అడగడానికి కూడా లేదా?" అంటారు.

"మీ అక్క మాట్లాడుతోంది," అంటాను. చిన్నప్పటి భయం కాబోలు, వెనక్కి వెళ్లిపోతున్నారు.

మంగళవారం మీరు చెప్పిన సగటు మీద ఇక్కడ ఒక సందేహం వచ్చింది. ఆదివారం మా ఇంట్లో ఒకరు ఆరింటికి లేస్తారు, ఒకరు ఆరున్నరకి, పిచ్చుక పదకొండింటికి. కలిపి భాగిస్తే మా ఇల్లు ఏడూ యాభైకి లేస్తుందని వస్తోంది. సరిగ్గా ఆ వేళకి ఇంట్లో ఎవరూ లేవరే. అలాంటప్పుడు సగటు ఎవరి సంగతి చెబుతున్నట్టు? ఈ ఉత్తరం అందాక క్లాసులో వివరిస్తే బాగుంటుంది.

అన్నట్టు, గురువారం మీరు వేసిన జోకుకి మా వంటింట్లో నవ్వు వినిపించింది. మీకు తెలియాలని రాస్తున్నాను.

మీ మరదలు

~

స్టాఫ్ రూమ్
జూలై 16

మరదలికి,

నీ కడుపు చల్లగుండ. ఇలాంటి పిల్లని కన్నావని నాకు ఇన్నేళ్లూ తెలియలేదు.

ఆ సగటు సందేహం మధ్యగతం పాఠానికి ఎంత బాగా అతికిందో చెప్పలేను. ఇక మొన్నటి సంగతి విను. నమూనా అంటే ఏమిటి, దాన్ని ఎలా ఎంచుకోవాలి అని అడిగాను. మిగతా పిల్లలందరూ ఎక్కడో ఇంటర్నెట్‌లో దొరికిన ఒకే వాక్యాన్ని కామాలతో సహా పంపారు. పిచ్చుక పేరు మీద మాత్రం ఇలా వచ్చింది: "ఉల్లిపాయల బస్తా మూతి దగ్గరవి చూసి కొనకూడదు. అమ్మేవాడు మంచివి ఎంచి పైన పెడతాడు. అడుగు నుంచి రెండు, నడుమ నుంచి రెండు, పక్కల నుంచి రెండు కళ్లు మూసుకుని తీసి నొక్కి చూడాలి. కళ్లు తెరిచి తీస్తే మనకి తెలియకుండానే మంచిది చేతికొస్తుంది." ఆ చివరి మాట చదివి నాకు ఒళ్లు పులకరించింది. క్లాసంతటికీ రెండుసార్లు చదివి వినిపించాను.

పంతొమ్మిదేళ్ల పిల్లకి ఉల్లిపాయల మీద ఇంత అనుభవం ఎలా వచ్చిందో అంతుపట్టదు కానీ, ఆ బుర్ర ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. అచ్చం మా నాన్నగారిది. మా తమ్ముడిని దాటేసి నేరుగా మనవరాలికి దిగింది. మా వంశంలో లెక్కలు అలా ఒక తరం విడిచి వస్తాయి.

బటన్ కూడా ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు. వచ్చిన మూడు సెకన్లలో నొక్కుతోంది. తెర ముందు అలా కళ్లార్పకుండా కూర్చుంటే కళ్లు పాడవుతాయేమో, నీళ్లు కొట్టుకోమను.

వదిన

~

వంటింటి బల్ల
జూలై 22
(ఇది రాసి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టాను. పోస్టు చేయలేదు.)

వదినగారికి నమస్కారం.

ఉల్లిపాయల మాట నాది.

వరసగా చెబుతాను. మొదటి వారం పిచ్చుక స్నానానికి వెళ్లినప్పుడు ఆ పచ్చ బటన్ వచ్చింది. పిల్ల పేరు పోతుందని, చేతులకి పిండి ఉంటే మోచేత్తో నొక్కాను. నేరం అక్కడ మొదలైంది. రెండో వారం పిల్ల నా పక్కన కూర్చుని, "అమ్మా, ఆ తెర ముందు కూర్చుంటే నేను లేనట్టే ఉంటోందే. బస్టాండు వెనక వడ్రంగి షెడ్డులో పని నేర్పుతున్నారు. ఎనిమిదింటికే మొదలు" అంది.

"మరి అత్తయ్య క్లాసు?" అన్నాను.

"నువ్వు ఎలాగూ వింటున్నావుగా."

నేను కోప్పడాలి. తల్లిగా అది నా పని. నోరు తెరిచేసరికి "టిఫిను డబ్బాలో పెట్టనా?" అని వచ్చింది.

ఇంటర్ అయ్యాక పెళ్లి చేశారు. ఇరవై ఏడేళ్లుగా ఈ వంటింట్లో నాతో మాట్లాడినవాళ్లంతా ఏదో ఒకటి కావాలనే మాట్లాడారు. మీరు ఒక్కరే ఎనిమిది నుంచి తొమ్మిది వరకు ఏదో ఒకటి ఇవ్వడానికి మాట్లాడుతున్నారు. ఈ ఉత్తరం పోస్టు చేస్తే అది పోతుంది.

~

వంటింటి బల్ల
జూలై 22

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. అందరం క్షేమం. పిల్ల బుర్ర మామగారిదే అయ్యుంటుంది. ఆయన ఊరికి వెళ్లే ప్రతిసారీ రైళ్ల పట్టిక నా చేతికిచ్చి, ఏ బండి ఎక్కాలో, ఎక్కడ మారాలో చెప్పమనేవారు. అంత బుర్రని రైళ్ల మీద ఖర్చు పెట్టడం ఎందుకని దాచుకున్నారేమో.

నీళ్లు కొట్టుకోమని చెప్పాను.

మీ మరదలు

~

స్టాఫ్ రూమ్
ఆగస్టు 30

మరదలికి,

నిలబడి రాస్తున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు.

సెప్టెంబరు పద్దెనిమిదిన విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ మా కాలేజీకి వస్తోంది. ఏ క్లాసులు మనుషులు చెప్పాలి, ఏవి రికార్డు పాఠాలతో సరిపెట్టాలి అన్నది వాళ్లే తేలుస్తారు. నా క్లాసు శ్రద్ధ డెబ్బై ఒక్క శాతం వచ్చింది. అంతకన్నా పెద్ద విశేషం మన పిల్ల. నలభై ఒక్క క్లాసులు, నూట ఇరవై మూడు బటన్లు, ఒక్కటీ తప్పలేదు. ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు యంత్రం చెడిందేమోనని ఫోను చేసి కనుక్కున్నారు.

ప్రిన్సిపాల్ ఏమన్నాడో తెలుసా? "మేడమ్, ఆ అమ్మాయిని కమిటీ ముందు కూర్చోబెడదాం. వాళ్లు నాలుగు ప్రశ్నలు వేస్తారు, ఆమె ఆ ఉల్లిపాయల ధోరణిలో చెబుతుంది, మీ క్లాసుని ఇక ఎవరూ కదపలేరు," అన్నాడు. సరేనని అందరి ముందూ మాటిచ్చేశాను. పదహారున పిచ్చుకని బస్సెక్కించు. రెండు రోజులు నా దగ్గర ఉంటుంది. నా క్లాసు ఇప్పుడు దాని చేతుల్లో ఉంది.

వదిన

~

వంటింటి బల్ల
సెప్టెంబరు 3

వదినగారికి నమస్కారం.

సంతోషం. అయితే పిల్లకి జలుబు చేసింది. పదహారుకి తగ్గేలా లేదు. పైగా కుడిచేతి బొటనవేలికి దెబ్బ తగిలి కట్టు కట్టాం. బస్సు ప్రయాణం కూడా దానికి పడదు. కమిటీకి ఒక్కరినే చూపిస్తే పక్షపాతం అంటారేమో, అదీ సొంత మేనకోడల్ని. మీ ఊళ్లోనే చక్కటి పిల్లలు ఉంటారు కదా.

కళ్లు ఎలా ఉన్నాయి?

మీ మరదలు

~

స్టాఫ్ రూమ్
సెప్టెంబరు 6

మరదలికి,

జలుబుకి రుమాలు ఉంది. బొటనవేలితో పని లేదు, కమిటీ ముందు బటన్ ఉండదు. బస్సు పడకపోతే రైల్లో పంపు. మేనకోడలన్న సంగతి ప్రిన్సిపాల్‌కి మొదటే చెప్పాను, "మరీ మంచిది" అన్నాడు.

ఇంతకీ పుస్తకం ముందు కూర్చునే పిల్లకి బొటనవేలికి దెబ్బ ఎలా తగిలింది?

వదిన

~

వంటింటి బల్ల
సెప్టెంబరు 9

వదినగారికి నమస్కారం.

బొటనవేలికి ఉలి తగిలింది. ఇక దాచను.

మీరు లెక్క కట్టిన నలభై ఒక్క క్లాసుల్లో పిచ్చుక ఉన్నవి ఆరు, నేను ఉన్నవి ముప్పై ఐదు. నూట ఇరవై మూడు బటన్లలో అది నొక్కినవి పదమూడు, నేను నొక్కినవి, అది మధ్యలో లేచి వెళ్లినప్పటి ఐదుతో కలిపి, నూట పది. నూట పదిలో తొమ్మిది మోచేత్తో. ఏ రోజు ఏది ఎవరు నొక్కారో రాసిపెట్టిన పట్టీ దీనితో పంపుతున్నాను. దొంగతనం చేసేవాళ్లు లెక్క రాసుకోరని మీ తమ్ముడు అంటున్నారు. ఆయనకి రాత్రే చెప్పాను. నేను అన్నీ రాసుకుంటాను, ఇదీ రాసుకున్నాను.

పిల్ల ఆ వేళకి వడ్రంగి షెడ్డులో ఉంటోంది. నేను ఒప్పుకున్నది అది అడిగినందుకు కాదు వదినగారూ. అది వెళ్తే బాగుండునని నేనే కోరుకున్నాను. కుర్చీ ఖాళీ అయితే నేను కూర్చోవచ్చని. జూలైలోనే ఇదంతా రాసి పోస్టు చేయకుండా దాచాను. అదీ జతచేశాను.

పిల్లని కమిటీ ముందు కూర్చోబెడితే మొదటి ప్రశ్నకే మీ పరువు పోతుంది. నా క్లాసు పోతే పోయింది, మీది పోకూడదు. చివరిగా ఒక్క మాట. మీ దగ్గర నేర్చుకున్నదే. మా ఇల్లొక్కటి చూసి పిల్లలందరూ ఇంతేనని అనకూడదు. మా ఇల్లొక్కటి చూసి అందరూ శ్రద్ధగా ఉన్నారనీ అనకూడదు. మీరు చూసింది బస్తా మూతి దగ్గరి ఉల్లిపాయని. పేరు రాయనక్కర్లేదని చెప్పి అందర్నీ అడిగి చూడండి, బటన్ ఎవరు నొక్కుతున్నారో.

మీ మరదలు

~

గణాంక శాస్త్ర విభాగం
సెప్టెంబరు 12

విద్యార్థిని తల్లిగారికి,

తమ ఉత్తరం, జతచేసిన పట్టీ, పాత ఉత్తరం అందినవి. విద్యార్థినికి ముప్పై ఐదు క్లాసుల హాజరు రద్దు చేయడమైనది. పంపిన జవాబులకు ఇచ్చిన మార్కులు వెనక్కు తీసుకోవడమైనది. ఈ నెలాఖరులోగా ఆమె కోర్సు మానుకుంటున్నట్టు రాసివ్వవచ్చు, లేదా మొదటి నుంచి స్వయంగా చదవవచ్చు. పాస్‌వర్డు మార్చడమైనది. ఇకపై తమ వంటింటి నుంచి ఈ క్లాసు తెరవడానికి వీలుపడదు.

ఇట్లు,
కోర్సు లెక్చరరు

పట్టీలో ఆగస్టు ఏడు నాటి కూడిక సరిచూశాను. తప్పు లేదు.

~

స్టాఫ్ రూమ్
సెప్టెంబరు 24

మరదలికి,

కోపం రెండు రోజులు ఉంది. మూడో రోజు ఉదయం క్లాసు మొదలుపెట్టి, అలవాటు కొద్దీ జోకు వేసి, నవ్వు అయ్యేదాకా ఆగాను. ఆగిన ఆ క్షణంలో తెలిసింది, ఇన్నాళ్లూ నేను ఆగింది ఎవరి కోసమో. ఆ రోజు మిగతా పాఠం ఎలా చెప్పానో గుర్తులేదు.

మర్నాడే నీ మాట ప్రకారం అందర్నీ అడిగాను. పేరు రాయొద్దు, మార్కులు తీయను, మీ బటన్ ఎవరు నొక్కుతున్నారో మాత్రం నిజం రాయండి అని. రెండు వందల ఏడుగురు జవాబు పంపారు. నూట పద్దెనిమిది మంది ఇంకెవరో నొక్కుతున్నారని ఒప్పుకున్నారు. అన్నదమ్ములు, అమ్మమ్మలు, తాతయ్యలు. ఒక హాస్టల్లో వంటమనిషి పద్నాలుగు ఫోన్లు వరసగా పెట్టుకుని నొక్కుతున్నాడట. ఎవడో తిరిగే టేబుల్ ఫ్యానుకి తడి స్పాంజి కట్టాడట, అది అటూ ఇటూ తిరుగుతూ ఫోను తడుముతుందట. వాడు ఇంజనీరింగుకి వెళ్లాల్సినవాడు.

పద్దెనిమిదిన కమిటీ వచ్చింది. ప్రిన్సిపాల్ గుమ్మం వైపే చూస్తున్నాడు, పిల్ల ఏదీ అని. నేను లేచి పిల్ల రాదని చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పి, ఈ లెక్క వాళ్ల ముందు పెట్టాను.

"మరి ఈ డెబ్బై ఒక్క శాతం శ్రద్ధ ఎవరిదండీ?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"సగం పైన వాళ్ల ఇళ్లలోవాళ్లదండీ. కొంత ఫ్యానుది," అన్నాను.

"అంటే మీ క్లాసు ఎవరూ వినడం లేదని మీరే చెబుతున్నారా?"

అప్పుడు రెండో కాగితం తీశాను. ఇంకో ప్రశ్న కూడా అడిగానులే, నొక్కేవాళ్లు పాఠం విన్నారా అని. పంతొమ్మిది మంది విన్నారట. ఒక అమ్మమ్మ మనవడిని కూర్చోబెట్టి పాఠం తిరిగి చెబుతోందట. ఆ వంటమనిషి సగటు చూసుకుని పిండి కలుపుతున్నాడట, మిగలడం తగ్గిందట. "వినేవాళ్లు ఉన్నారండీ. వాళ్ల పేర్లు మన జాబితాలో లేవు, అంతే," అని నీ ఉల్లిపాయల జవాబు చదివాను. ఇది రాసింది మా మరదలని చెప్పాను. మెమో ఇస్తే అందుకుందామని కూర్చున్నాను.

నిన్న ఉత్తర్వు వచ్చింది. బటన్ తీసేశారు. నా క్లాసు ఒక ఏడాది నాకే వదిలారు, ఆ తర్వాత మళ్లీ చూస్తారట. నవంబరు నుంచి మూడు ఊళ్లలోనూ పిల్లలు సోమ, బుధ, శుక్రవారాలు వాళ్ల కాలేజీ గదిలోనే కూర్చుని పెద్ద తెర మీద నన్ను వినాలి. నాకు వాళ్ల మొహాలు కనిపిస్తాయి. పదిహేను రోజులకోసారి నేనే ప్రతి ఊరికీ వెళ్లి బోర్డు మీద చెబుతాను. ప్రతి కాలేజీలోనూ నా క్లాసుతోనే మొదలుపెట్టి మూడేళ్ల డిగ్రీ చదవడానికి ఇరవై సీట్లు ఇంటర్ పాసైనవాళ్లకి, వయసుతో పని లేకుండా. అక్టోబరు పన్నెండున పరీక్ష. పరీక్ష రాసేవాళ్లలో బంధువులున్నారని రాసిచ్చాను కాబట్టి ఆ ప్రశ్నపత్రం నేను తయారు చేయను, నన్ను ఏమీ అడగకు.

ఫారం జతచేశాను. మా నాన్నగారి బుర్ర అని రాసిన ఆ ఉత్తరం మాత్రం చింపేయి.

వదిన

~

కాలేజీ మెట్లు, మీ తెర కనిపించే గది బయట
నవంబరు 6

వదినగారికి నమస్కారం.

ఆ ఉత్తరం చింపలేదు. ఫైలులో తేదీ ప్రకారం ఉంది.

పరీక్షలో ఇరవై సీట్లకి ఏడో స్థానం వచ్చింది. ఆరుగురు నాకంటే బాగా రాశారు, వాళ్లలో ఒకరు పోస్టాఫీసులో రిటైరైన పెద్దమనిషి. క్లాసులో నా పక్కనే కూర్చుంటారు. మీ జోకులకి నాకంటే ముందు నవ్వుతారు, అదొక్కటే ఇబ్బంది.

పిచ్చుక కోర్సు మానుకుంటున్నట్టు రాసిచ్చేసింది. వాళ్ల నాన్నకి ఆ మాట అదే స్వయంగా చెప్పింది. ఆయన మూడో రోజు పొద్దున్నే విరిగిన కుర్చీ తెచ్చి దాని ముందు పెట్టి, "చెయ్యి చూద్దాం" అన్నారు. ఇప్పుడు అందులోనే కూర్చుని పేపరు చదువుతున్నారు. మంచిదని అనరు, లేవరు. వచ్చే ఏడాది చెక్కపని డిప్లొమాలో చేరుతుందట. అది ఆన్‌లైన్‌లో కుదరదని ముందే వెళ్లి కనుక్కుని వచ్చింది.

నా సంగతి నేనే భోజనాల దగ్గర చెప్పాను. వారానికి మూడు రోజులు ఏడింటికి వెళ్లి రెండింటికి వస్తానని.

"ఎన్నాళ్లు?" అన్నారు మీ తమ్ముడు.

"మూడేళ్లు."

చాలాసేపు మజ్జిగ కలిపారు. తర్వాత, "కుక్కర్‌కి ఎన్ని కూతలు రానివ్వాలి?" అని అడిగారు. ఇరవై ఏడేళ్లలో ఆ ప్రశ్న మొదటిసారి. చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. ఆపుకుని, "ఒకో రోజు ఒకోలా పెట్టి చూడండి, ఎలా వచ్చిందో రాసుకోండి," అన్నాను.

సోమవారం నాలుగు కూతలు, అన్నం ముద్దయింది. బుధవారం ఒకటి, పలుకులు పలుకులుగా ఉంది. రెండు పూటల మీద నిర్ధారణకి రాకూడదని మీరు చెప్పారు కాబట్టి, ఏమీ అనకుండా తినేశాను.

మీ విద్యార్థిని